అక్కయ్య ఇచ్చిన 72 హోల్సు

"చారియట్స్ ఆఫ్ ఫైర్" చూశారా? 1981లో వచ్చిన ఇంగ్లీషు చిత్రం. ఉత్తమ చిత్రం బహుమతితో సహా నాలుగు ఆస్కార్లు పట్టుకుపోయింది. చిత్రం చూడకపోయినా దాని మొదటి సీను మాత్రం ఎక్కడో ఒకచోట చూసే వుంటారు. తెల్లబట్టల కుర్రాళ్ళు ఉత్తికాళ్ళతో సముద్రపుటొడ్డున నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తుకొస్తుంటారు. వెనక వాంజెలిస్ సంగీతం. అదిగో, ఆ సీను!

కథ ప్రకారం ఆ ఒడ్డు ఇంగ్లండులోని కెంటు ప్రాంతం. కానీ షూటింగు జరిగింది స్కాట్లండులో, సెంట్ ఆండ్రూస్ అనే వూళ్ళో, వెస్ట్ శాండ్స్ బీచిలో. ఆ కుర్రాళ్ళు ఇసుక దాటి, కంచె దూకి, ఒక పచ్చిక మీదుగా పరుగు తీస్తారే, ఆ పచ్చిక ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పేరున్న గోల్ఫు మైదానం. పేరు ఓల్డ్ కోర్సు.

మా బావగారు ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్క తెలియదు. పరుగు పందేల మీద మోజుతో కాదు, ఆ పచ్చిక కనిపించే రెండు క్షణాల కోసం! విశాఖలో హార్బరు వుద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన బల్ల వెనక గోడకు ఒక పాత క్యాలెండరు బొమ్మ వేలాడేది. చిన్న కాలవ, దానిమీద ఒక బుల్లి రాతివంతెన. అది ఓల్డ్ కోర్సులోని స్విల్కన్ వంతెన. నాకు గోల్ఫు కర్ర పట్టుకోవడం నేర్పింది బావగారే. "ఎప్పటికైనా ఆ వంతెన దాటాలోయ్!" అనడం ఆయనకు అలవాటు. "దాటుదాం బావగారూ!" అనడం నాకు అలవాటు. ముప్ఫై ఏళ్ళు అలా గడిచిపోయాయి.

ఈలోగా ఆయన ఎడమ మోకాలు మొరాయించింది. ఆపరేషను తప్పదనీ, ఆ తరువాత నడక ఎలా వుంటుందో ఇప్పుడే చెప్పలేననీ అన్నారు డాక్టరుగారు. "దానికి ముందు ఒక్కసారి స్కాట్లండు వెళ్ళి ఆడొచ్చా?" అని అడిగారు బావగారు. "రోజు విడిచి రోజు ఆడండి. మొత్తం నాలుగు ఆటలకు మించొద్దు" అన్నారు డాక్టరుగారు.

మా అక్కయ్యకు గోల్ఫు తెలియదు గానీ లెక్కలు తెలుసు. "ఒరేయ్ తమ్ముడూ, ఒక ఆటకు ఎన్ని గుంటలు?" అని అడిగింది.

"పద్దెనిమిది అక్కా!"

"నాలుగు పద్దెనిమిదులు డెబ్బై రెండు. డెబ్బై మూడో గుంట ఆడించావంటే మళ్ళీ నా గడప తొక్కకు!"

బావగారు మాత్రం పొంగిపోయారు. "72 హోల్సంటే ఏమనుకున్నావోయ్? బ్రిటిషు ఓపెన్ ఛాంపియన్‌షిప్పు నెగ్గడానికి ఆడేది సరిగ్గా అన్నే!" అన్నారు.

అలా 72 హోల్సు చేతికొచ్చాయి. ఇక వాటిని ఏ మైదానాల్లో ఖర్చు పెట్టాలన్నదే సమస్య.

సరుగుడు తోట నేల

అసలు "లింక్సు" అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి. సముద్రానికీ, వ్యవసాయపు భూమికీ మధ్య ఒక ఇసుక పట్టీ వుంటుంది. ఎత్తుపల్లాల తిన్నెలు, పలచటి గడ్డి, అక్కడక్కడా పొదలు. నాగలికి లొంగదు, పంటకు పనికిరాదు. మన కోస్తాలో అలాంటి నేల కనిపిస్తే సరుగుడు తోట వేస్తాం. స్కాట్లండువాళ్ళు గొర్రెల్ని తోలారు, గుడ్డలు ఆరేసుకున్నారు, బంతి కూడా కొట్టారు. ఆ ఇసుక నేలకే లింక్సు అని పేరు. అక్కడ పుట్టిన మైదానాలకూ అదే పేరు నిలిచిపోయింది. చలిగాలికి గొర్రెలు ఒరుసుకుని పడుకున్నచోట ఇసుక గోతులు పడి, అవే "బంకర్లు" అయ్యాయని చెబుతారు. మైదానాన్ని ఏ ఇంజనీరూ గీయలేదు, గాలీ గొర్రెలూ కలిసి గీశాయన్నమాట.

ఆ వెర్రి ఎంత ముదిరిందంటే, 1457లో రెండో జేమ్సు రాజుగారి కాలంలో పార్లమెంటు ఏకంగా గోల్ఫును నిషేధించింది. కుర్రాళ్ళు విలువిద్య మాని బంతుల వెంట పడుతున్నారని కోపం! నిషేధాలకు ఆటలు ఎక్కడ ఆగుతాయి లెండి.

లింక్సు మీద ఆట తీరే వేరు. నేల గట్టిది. బంతిని ఆకాశానికి లేపితే గాలి ఎత్తుకుపోతుంది. నేలబారుగా కొట్టి, ఎత్తుపల్లాల మీదుగా దొర్లించాలి. బావగారి ఆట అలాంటిదే. మేము నేర్చుకున్న రోజుల్లో వేసవి వచ్చిందంటే మా మైదానం గట్టిపడి రోడ్డులా వుండేది. అంచేత ఆయన నలభై గజాల దూరం నుంచి కూడా పట్టరుతోనే దొర్లించేవారు. పట్టరంటే చివరలో బంతిని గుంటలోకి నెట్టే చిన్న కర్ర. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నవ్వేవారు. వాళ్ళు స్కాట్లండు చూడలేదు మరి!

వేషాల ఎంపిక

స్కాట్లండు తీరం పొడుగునా లింక్సే. పేరున్నవాటిని కాగితం మీద రాస్తే రెండు పేజీలు నిండాయి. మా ఇంటి డాబా మీద నేనూ బావగారూ కూర్చుని, నిర్మాతా దర్శకుడూ నటుల్ని ఎంచుకున్నట్టు ఎంచడం మొదలుపెట్టాం.

ముందుగా కార్నూస్టీ. ఆరితేరిన విలను! 1999 ఓపెన్‌లో ఫ్రాన్సు ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ ఆఖరి హోలుకు వచ్చేసరికి మూడు దెబ్బల ఆధిక్యంలో వున్నాడు. అక్కడి బారీ బర్న్ అనే కాలవ అతన్ని మింగేసింది. పాంటు మడుచుకుని నీళ్ళలో దిగి నిలబడ్డ అతని ఫోటో నాకింకా గుర్తే. ఆ హోలుకు ఏడు దెబ్బలు పట్టి, తరువాత ప్లే ఆఫ్‌లో టైటిలు పోయింది. "మోకాలు బాగున్నవాళ్ళనే ఏడిపించింది, మనల్ని వదుల్తుందా?" అని కొట్టేశాం.

తరువాత మ్యూర్‌ఫీల్డ్. ఆ క్లబ్బువారు 1744లో లీత్ వూళ్ళో 13 సూత్రాలు రాసుకున్నారు. గోల్ఫుకు రాతలో దొరుకుతున్న తొలి నియమాలు అవే. అంతటి పెద్దింటివారు ఆడవాళ్ళకు సభ్యత్వం ఇవ్వడానికి 2017 దాకా ఒప్పుకోలేదు. బయటివాళ్ళను రానిచ్చేది వారంలో కొన్ని రోజులే. మా రోజులకు కుదరలేదు. ఉత్తరాన రాయల్ డోర్నాక్, గొర్రెలు మేస్తూ వుంటే గ్రీన్ల చుట్టూ కరెంటు తీగ కట్టుకున్న బ్రోరా... రెండూ మనసు లాగాయి. కానీ అంత దూరం ప్రయాణం చేస్తే మోకాలి బలమంతా కారులోనే కరిగిపోతుంది. 1860లో మొట్టమొదటి ఓపెన్ జరిగిన ప్రెస్ట్‌విక్ పడమటి తీరంలో వుంది. మేము దిగేది తూర్పున, ఎడింబరోలో.

అప్పుడు మాకు మొదటి సూత్రం తట్టింది. పేరును చూసి కోర్సు ఎంచుకోకూడదు, పటాన్ని చూసి ఎంచుకోవాలి! ఒకే తీరం మీద, బస్సుకో రైలుకో అందేవి నాలుగు చాలు.

సినిమా చూసి అసలే ఎంచుకోకూడదు. "గోల్డ్ ఫింగర్"లో జేమ్స్ బాండు విలనుతో ఆడిన గోల్ఫు మీకు గుర్తుండే వుంటుంది. నవలలో ఆ ఆట కెంటు తీరంలోని శాండ్‌విచ్ లింక్సును పోలిన మైదానంలో జరుగుతుంది. 1964లో చిత్రం తీసినప్పుడు సముద్రం వాసనే తగలని స్టోక్ పార్కులో తీశారు. చిత్రమేమిటంటే, ఇటు స్కాట్లండు బీచీ, అటు లోతట్టు పార్కూ రెండూ కెంటు వేషమే వేశాయి!

ఇంతకీ హీరో సంగతి. ఓల్డ్ కోర్సు. సూపర్‌స్టారు! కాల్షీటు దొరకడం కష్టం. సీజనులో ఒక్క ఆటకు రుసుము 300 పౌండ్లు దాటింది. మన రూపాయల్లో ముప్ఫై వేల పైమాట. డబ్బుంటే చాలదు, హ్యాండీక్యాప్ సర్టిఫికెట్టు వుండాలి. ముందే బుక్ చేసుకోలేకపోయినవాళ్ళకు లాటరీ వుంది. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు గంటల్లోగా పేర్లివ్వాలి. ఆ సాయంత్రం ఫలితం తెలుస్తుంది. ఆదివారం ఆటే లేదు, మైదానానికి సెలవు.

"హీరో డేట్లు ఇస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. రంగారావూ, రేలంగీ, సూర్యకాంతమూ వుంటే బండి నడవదూ?" అన్నాను నేను. బావగారు నవ్వారు గానీ క్యాలెండరు బొమ్మను మాత్రం మడిచి సూట్‌కేసులో పెట్టుకున్నారు.

తొమ్మిది + పద్దెనిమిది

ఎడింబరో పక్కనే మసల్‌బరో అనే వూరుంది. అక్కడి పాత లింక్సుకు తొమ్మిది హోల్సే. మొదటి ఆటకు మోకాలిని పరీక్ష చేసుకోవడానికి ఇంతకన్నా మంచిది దొరకదు. గుర్రప్పందేల మైదానం నడిబొడ్డున వుంటుంది. పందెం వుందంటే గోల్ఫు లేదు! 1672లో అక్కడ ఆడినట్టు కాగితం సాక్ష్యం వుంది. 1874 నుంచి 1889 దాకా ఆరుసార్లు ఓపెన్ పోటీ అక్కడే జరిగింది. ఈనాడు ప్రపంచమంతటా గోల్ఫు గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. మసల్‌బరోలో 1829 నాటి గుంట కోసే పనిముట్టు కొలత సరిగ్గా అదే.

హికరీ చెక్కతో చేసిన పాతకాలపు కర్రలు అద్దెకిచ్చారు. బావగారు ఒకటి తీసుకుని వాసన చూసి, "మా తాతగారి చేతికర్రలా వుందోయ్" అన్నారు. పేరు పడిపోయిన ముసలి నటుడి ఇంటికి వెళ్ళినట్టు వుంది మాకు. గోడకు బెల్లులు వూడాయి గానీ మాటలో దర్జా తగ్గలేదు. తొమ్మిది హోల్సయ్యాక మోకాలు కిక్కురుమనలేదు. ఖర్చు 9. నిలవ 63.

ఒకరోజు విశ్రాంతి తరువాత నార్త్ బెరిక్. ఎడింబరో నుంచి రైల్లో అరగంట పైచిలుకు. స్టేషను నుంచి మైదానానికి నడిచే పోవచ్చు. ఎదురుగా సముద్రంలో బాస్ రాక్ అనే పెద్ద కొండ. దూరానికి సున్నం కొట్టినట్టు తెల్లగా వుంటుంది. దగ్గరగా చూస్తే అదంతా గానెట్ పక్షులు! 2022లో వచ్చిన పక్షుల జ్వరానికి వాటిలో చాలా పోయాయిగానీ కొండ ఇంకా తెల్లగానే వుంది.

ఈ మైదానం రేలంగిగారే! ఏ హోలు దగ్గర ఏ చమత్కారం చేస్తుందో తెలియదు. పదమూడో హోలులో గ్రీను ముందు అడ్డంగా రాతిగోడ. పొలంగట్టు గోడలాంటిది, ఎప్పటినుంచో వుంది. ఆటకు అడ్డమని ఎవరూ తీసెయ్యలేదు, గోడ దాటించి కొట్టడమే ఆట అన్నారు. పదిహేనో హోలు పేరు రెడాన్. కోటబురుజు లాంటి కట్టడం పేరు. గ్రీను ముందువైపు ఎత్తుగా వుండి, వెనక్కి, పక్కకి వాలిపోతుంది. ప్రపంచంలో ఎన్నో మైదానాలవాళ్ళు ఈ ఒక్క హోలును కాపీ కొట్టారు. అసలు ట్యూను ఇక్కడిది!

నేను రెడాన్ దగ్గర బంతిని అందంగా ఆకాశానికి లేపాను. గాలి దాన్ని అంతే అందంగా తీసుకెళ్ళి బంకరులో పడేసింది. బావగారు నేలబారుగా ఒక దెబ్బ వేశారు. బంతి ముందు గట్టెక్కింది, ఆలోచించినట్టు ఒక్క క్షణం ఆగింది, ఆ తరువాత వాలు వెంట దొర్లుతూ జెండా దగ్గరికి పోయి కూర్చుంది. వెనక నిలబడ్డ ఒక స్థానిక పెద్దమనిషి టోపీ తీశాడు. ముప్ఫై ఏళ్ళపాటు కుర్రాళ్ళు నవ్విన దెబ్బకు పుట్టింటివారు చేసిన మర్యాద అది. ఆ రోజు బావగారు కుంటుతున్నా కుంటుతున్నట్టు కనిపించలేదు. నిలవ 45.

హీరో గారి గుమ్మంలో

శుక్రవారం సెంట్ ఆండ్రూస్ చేరాం. ఈ వూరికి 1969 నుంచి రైలు లేదు. లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. శనివారం లాటరీలో పేర్లిచ్చాం, సోమవారం ఆటకు. రాలేదు.

ఆదివారం నాడు మాత్రం ఒక వింత చూశాం. వేలకొద్దీ మైళ్ళ నుంచి మనుషులు పరితపించిపోయే ఆ మైదానం మీద, వూరివాళ్ళు కుక్కల్ని తిప్పుతున్నారు! పిల్లబండ్లు తోస్తున్నారు. ముసలమ్మలు చేతులు కట్టుకుని కబుర్లాడుకుంటున్నారు. అది ఏ జమీందారుదీ కాదు, ప్రజల భూమి. 1552లో ఆర్చిబిషపు హామిల్టన్ ఆ నేలలో కుందేళ్ళు పెంచుకోవడానికి అనుమతి పుచ్చుకుంటూ, అక్కడ ఆడుకునే హక్కు వూరివాళ్ళదేనని రాసిచ్చాడు. ఒకప్పుడు 22 హోల్సుగా ఆడేవారు. 1764లో కొన్నిటిని కలిపి 18 చేశారు. ఇవాళ లోకమంతా ఆడే పద్దెనిమిది అక్కడినుంచి వచ్చినదే. ఇంకో తమాషా, పద్నాలుగు హోల్సుకు ఏడే గ్రీన్లు. రెండు హోల్సుకు ఒకే పెద్ద గ్రీను, రెండు జెండాలు. ఏ జంట అంకెలు కలిపినా మళ్ళీ పద్దెనిమిదే వస్తుంది. ఈ సంగతి ఫోనులో చెబితే అక్కయ్యకు మైదానం మీద తొలిసారి గౌరవం కలిగింది.

బావగారు నెమ్మదిగా స్విల్కన్ వంతెన దగ్గరికి నడిచారు. గొర్రెల కాపరులు కాలవ దాటడానికి ఏనాడో కట్టుకున్న వంతెన అది. నాలుగంగల్లో దాటెయ్యవచ్చు. 2005లో జాక్ నిక్లాస్ ఇక్కడే నిలబడి చెయ్యి వూపి ఓపెన్ పోటీలకు సెలవు చెప్పాడు. సూట్‌కేసులోంచి తీసిన క్యాలెండరు బొమ్మ బావగారి జేబులో వుంది. ఒకసారి దాన్నీ, ఒకసారి వంతెననూ చూశారు.

"ఎక్కండి బావగారూ, ఫోటో తీస్తాను!"

"వద్దులే. కర్ర చేతిలో వున్నప్పుడు ఎక్కుతాను" అన్నారు.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఇంకేమీ అనలేకపోయాను.

సోమవారం ఈలీ వెళ్ళాం. తీరం వెంబడి బస్సు, బెస్తపల్లెల మీదుగా పోతుంది. మొదటి టీ ఎదురుగా ఒక గుట్ట. అవతల ఎవరున్నారో కనిపించదు. దానికి వాళ్ళు చేసిన వుపాయం ఏమిటో తెలుసా? హెచ్.ఎమ్.ఎస్. ఎక్స్‌కాలిబర్ అనే జలాంతర్గామిని పాత ఇనుముకు అమ్మేస్తే, దాని పెరిస్కోపు తెచ్చి స్టార్టరుగారి గదిలో పెట్టారు! అందులోంచి చూసి, దారి ఖాళీ అయితేనే కొట్టమంటారు. మన విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామి వుంది కదా, బావగారు చుట్టాలెవరొచ్చినా దాంట్లోకి తీసుకెళ్ళి చూపించేవారు. ఈలీ పెరిస్కోపుకు కన్ను ఆనించి, హార్బరు గొంతుతో "లైను క్లియర్!" అని అరిచారు. గదిలో వాళ్ళంతా నవ్వారు. అయిదుసార్లు ఓపెన్ నెగ్గిన జేమ్స్ బ్రెయిడ్ పుట్టింది ఆ పక్కనున్న ఎర్ల్స్‌ఫెరీలోనే. ఈలీలో పార్ అయిదు హోలు ఒక్కటి కూడా లేదు, అంచేత మరీ పొడుగాటి నడకలు లేవు. మోకాలి నొప్పివాళ్ళకు దేవుడిచ్చిన మైదానం. అయినా పదహారో హోలు నుంచి బావగారు మాట్లాడ్డం మానేశారు. నొప్పి వచ్చిందంటే ఆయన మాట తగ్గుతుంది. నిలవ 27.

అదే రోజు బుధవారం కోసం ఇచ్చిన లాటరీలోనూ మా పేర్లు లేవు.

మధ్యాహ్నం పన్నెండు

శుక్రవారం తిరుగు విమానం. మంగళవారం విశ్రాంతి. మిగిలింది ఒక్క ఆట. క్రెయిల్ వూరి బాల్‌కమీ లింక్సులో బుధవారం ఉదయం చోటుంది, మంగళవారం పన్నెండింటిలోగా ఖాయం చెయ్యమన్నారు. అది తీసుకుంటే డాక్టరుగారి లెక్క ప్రకారం గురువారం ఆడకూడదు. గురువారం ఓల్డ్ కోర్సుకు లాటరీ వేద్దామంటే ఫలితం తెలిసేది సాయంత్రం. అది రాకపోతే క్రెయిలూ పోతుంది, ఓల్డ్ కోర్సూ పోతుంది. చేతిలో హోల్సుండగా హోటలు గదిలో కూర్చోవాలి.

"అక్కయ్యకు చెప్పకుండా రెండూ ఆడేస్తే?" అన్నాను.

బావగారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "మీ అక్కకు చెప్పకుండా ఆడొచ్చు. మోకాలికి చెప్పకుండా ఎలా ఆడనోయ్?"

పదకొండున్నర అయింది. ముప్ఫై ఏళ్ళ బొమ్మ ఆయనది. నిర్ణయం నేను చెప్పకూడదు. వూరుకున్నాను. ఆయన కిటికీలోంచి చాలాసేపు సముద్రం కేసి చూశారు.

"చూడోయ్, మసల్‌బరోలో మనల్ని ఎవరూ లాటరీ వెయ్యమన్లేదు. నార్త్ బెరిక్‌లో ఒకాయన టోపీ తీశాడు. ఈలీలో పెరిస్కోపు నా చేతికిచ్చారు. మనల్ని రమ్మన్నచోటికి పోదాం. క్రెయిల్‌కు ఫోను చెయ్యి" అన్నారు.

చేశాను. గురువారం లాటరీలో మా పేర్లు ఇవ్వలేదు. ఇచ్చివుంటే వచ్చేవేమో! ఆ ప్రశ్నకు జవాబు లేదు.

క్రెయిల్ సొసైటీ 1786లో పుట్టింది. మైదానం 6000 గజాల లోపే. మొదటి టీ మిట్టమీద నిలబడితే కింద పచ్చిక, ఆపైన సముద్రం. ఏ హోలు దగ్గరున్నా నీళ్ళు కనిపిస్తూనే వుంటాయి. ఆ ఉదయం సముద్రం మీద నుంచి "హార్" అనే మంచుతెర వచ్చింది. పది గజాల అవతల బావగారు కనిపించకుండా పోయారు. ఠక్కుమని దెబ్బ వినిపించేది. "ఎటు పోయిందోయ్?" అని కేకేసేవారు. గంటకల్లా గాలి తెర తీసింది, నీలిసముద్రం మీద ఎండ పడింది. మన సినిమాల్లో పాటకు ముందు తెర తొలగించినట్టు!

పద్నాలుగో హోలు పల్లంలోకి కొట్టాలి. కింద చిన్న గ్రీను, దాని వెనకే రాళ్ళు, అలలు. గాలి ఎదురు. బావగారు పెద్ద కర్ర తీసి సగం దెబ్బే కొట్టారు. బంతి గ్రీను మీద ఆగింది. ఆయన ఆ మిట్టమీదే బ్యాగు ఆనుకుని నిలబడి, "మన భీమిలి రోడ్డులా లేదూ?" అన్నారు. ఆ నాలుగు ఆటల్లోనూ ఆయన చెప్పిన పెద్ద మెప్పు అదే. ఆఖరి హోలు గ్రీను మీద కర్ర నాకిచ్చి, నా భుజం పట్టుకుని నడిచారు. ఖర్చు 63. నిలవ 9.

హిమాలయాలు

గురువారం సెంట్ ఆండ్రూస్‌లో ఏం చెయ్యాలి? ఓల్డ్ కోర్సు పక్కనే "హిమాలయాలు" వున్నాయి! కంగారు పడకండి, అది గుట్టలు గుట్టలుగా వుండే పట్టింగు గ్రీను పేరు. 1867లో మహిళల పట్టింగు క్లబ్బు అక్కడ మొదలైంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు భుజం పైకి కర్ర ఎత్తితే మర్యాద కాదనేవారట. సరే, మేము నేలమీదే ఆడుకుంటామని వాళ్ళు ఈ గుట్టలు పట్టారు. కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా ఆడవచ్చు. సర్టిఫికెట్టు అడగరు, లాటరీ లేదు.

దొర్లించే దెబ్బకు రాజు మా బావగారు. నన్ను మాత్రమే కాదు, మా ముందు ఆడుతున్న అమెరికా దంపతుల్నీ, ఒక స్కూలు పిల్లనూ ఓడించారు. ఆ పిల్ల రెండో ఆట అడిగింది, అందులో ఆయన్ని ఓడించింది. ఆయన అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో!

వెళ్ళదలచుకున్న పాఠకులకు నేను చెప్పేది ఇది. మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్ళండి. జూనులో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది. మండు వేసవిలో కూడా స్వెట్టరూ, వానకోటూ వదలకండి. పెద్ద పేరు ఒక్కటి రాసుకోండి, దొరక్కపోయినా ఏడవకండి. సెంట్ ఆండ్రూస్‌లోనే 1895 నాటి న్యూ కోర్సు, జూబిలీ, ఈడెన్ వున్నాయి, వాటిల్లో చోటు సులువు. ఒక తొమ్మిది హోల్సు మైదానం తప్పకుండా పెట్టుకోండి. అన్నిటికన్నా ముందు, మీతో వచ్చేవాళ్ళ కాళ్ళను చూసి లెక్క వేసుకోండి. మీ కాళ్ళను చూసి కాదు.

ఎడింబరో విమానాశ్రయంలో అక్కయ్యకు ఫోను చేశాం. "మొత్తం ఎన్ని?" అన్నది మొదటి ప్రశ్న.

"అరవై మూడు" అన్నారు బావగారు.

"మరి తొమ్మిది?"

"మిగిల్చుకొస్తున్నాను. ఆపరేషను అయ్యాక విశాఖలో ఆడతాను. మీ తమ్ముడు బ్యాగు మోస్తాడు!"

అక్కయ్య ఏమందో నాకు వినబడలేదు. బావగారు మాత్రం క్యాలెండరు బొమ్మను మళ్ళీ జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు.